వదిన బండికి తాళం

ఆ వీధిలో దొంగలకు మహా భయపడే ఇల్లొకటి ఉండేది. నిజం చెప్పాలంటే దొంగలే ఆ ఇంటికి భయపడేవారు. గేటుకు తాళం, గుమ్మానికి తాళం, అటక మీది పెట్టెకు తాళం, ఆఖరికి చక్కెర డబ్బాకు కూడా తాళం. ఆ డబ్బా చుట్టూ చీమలు వరుస కట్టి, సాయంత్రం దాకా పడిగాపులు పడి, ఉసూరుమంటూ పక్కింటికి పోయేవట. ఒకసారి పట్టపగలు ఒక దొంగ వచ్చి గుమ్మం తాళంతో కుస్తీ పట్టాడు. చెమటలు కక్కి, చేతులెత్తేసి, తనే తలుపు తట్టి మంచినీళ్ళు అడిగి తాగి, ఈ తాళం చేసినవారికి నా దండాలు చెప్పండని వెళ్ళిపోయాడు. ఆ దెబ్బతో వృత్తి మానేసి బస్సు కండక్టరయ్యాడని చెప్పుకునేవారు. కాదనడానికి వీల్లేదు. ఆ ఇంటివాళ్ళు బస్సెక్కితే ఒక కండక్టరు ప్రత్యేకంగా సీటు ఖాళీ చేయించడం అందరూ చూసిందే.

ఈ తాళాలన్నీ చేసినవాడు ఆ ఇంటి చిన్నవాడు. చిన్నవాడంటే అన్నకు తమ్ముడని మాత్రమే అర్థం, జుట్టు ఎప్పుడో నెరిసింది. మనిషి పొట్టి, చేతిలో ఆకురాయి లేకపోతే ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. డెలివరీ బళ్ళకు వెనక తలుపులు, తాళాలు తయారుచేసి బిగించే షెడ్డులో అతనిది డిజైనరు ఉద్యోగం. షెడ్డులో మాత్రం అందరూ దిగ్బంధనం గారనే పిలిచేవారు. ఆ పేరు అతనికి కోపం తెప్పిస్తుందని పిలిచేవారు అనుకునేవారు. అతనేమో దాన్ని బిరుదులా భుజాన వేసుకుని తిరిగేవాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "ముందు ఈ తాళం పూర్తవనివ్వండి" అనేవాడు. ఏదో ఒక తాళం ఎప్పుడూ సగంలోనే ఉండేది కాబట్టి ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. అన్న గోడగడియారాలు బాగుచేస్తాడు. నోటికి తాళం వేసుకుని చెవి ఎక్కడో పారేసుకున్న మనిషి. ఆ లోటంతా తీర్చేది వదిన. ఆమె ఆ ఇంట అడుగుపెట్టేనాటికి మరిది నిక్కర్లు వేసుకునే వయసువాడు, తల్లి లేని పిల్లవాడు. గోళ్ళు తీయడం, జ్వరమొస్తే నుదుట తడిగుడ్డ వేయడం, లెక్కలు తప్పితే చెవి మెలేయడం అన్నీ ఆమే చూసుకుంది. ఆ చెవి మీద హక్కు ఆమె ఇప్పటికీ వదులుకోలేదు. షెడ్డుకు వచ్చి అందరి ముందూ మెలేసిన సందర్భాలున్నాయి.

వదిన పార్శిళ్ళ బండి నడుపుతుంది. నడివయసులో నేర్చుకుంది. నేర్పినవాడు మొదటి రోజే దణ్ణం పెట్టి దిగిపోయాడనీ, ఆ తర్వాత బండే ఆమెకు భయపడి తనంతట తను నేర్చుకుందనీ మరిది అంటుండేవాడు. తెల్లబండి, వెనక రెండు రెక్కల తలుపు. పొద్దున డిపోలో పెట్టెలు ఎక్కించుకుని ఊరి పాత భాగమంతా చుట్టేస్తుంది. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మనిషి కరుస్తాడో ఆమెకు తెలుసు. ఏ మేడ మీది అవ్వకు గంట వినపడదో, ఏ కొత్త దంపతులు తలుపు తీయడానికి ఆలస్యం చేస్తారో కూడా తెలుసు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు చాపుకుని, ఆ వీధుల కబుర్లు ఒక్కొక్కటే విప్పేది. మరిది నోరు తెరుచుకుని వినేవాడు. అన్న గడియారం ముల్లు పట్టుకుని, తిప్పడం మరిచి వినేవాడు.

ఆ బండికున్నది మరిది చేసిన మూడు మలుపుల తాళం. అతను జీవితంలో అంతకు మించిన తాళం చేయలేదు. చెవి పెట్టి, పిడి పైకెత్తి, వెనక్కి తిప్పి, లోపలికి నొక్కితే తెరుచుకుంటుంది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటికే. డిపోలోని బళ్ళన్నిటికీ అదే. బిగించిన నాటినుంచి ఒక్కటంటే ఒక్కటి పగిలింది లేదు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా అతను ఆ సంగతి గుర్తుచేసుకుని మురిసిపోయేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే మలుపులు.

అటువంటిది, ఒకరోజు వదిన బండిలోంచి పార్శిలు పోయింది. ఆమె ఒక పెట్టెతో మేడ మెట్లెక్కి, అవ్వను కేకలేసి లేపి, దిగి వచ్చేసరికి ఇంకో పెట్టె లేదు. డిపో మేనేజరు అదే రోజు షెడ్డుకు ఫోను చేసి తాళం ఎలా విఫలమైందో వచ్చి చూడమన్నాడు. ఈ మేనేజరును డ్రైవర్లు స్కేలుబద్ద అంటారు. మనిషి నిటారుగా ఉంటాడు, ఆలోచనలు అంతకంటే నిటారుగా ఉంటాయి. కుర్చీలన్నీ ఒకే గీత మీద ఉండాలి, టీ కప్పుల చెవులన్నీ ఒకే వైపు తిరగాలి. చెడ్డవాడు కాడు. వంకర కనపడితే నిద్రపట్టదు, అంతే.

దిగ్బంధనం గారు అవమానంతో ఉడికిపోతూ వెళ్ళాడు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు ఇప్పుడు తనను పిలిస్తే ఏం లాభమని దారి పొడవునా గొణుక్కున్నాడు. బండి వెనక మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం పెట్టి చూశాడు. గీత లేదు, వంపు లేదు, తాళం నవనవలాడుతోంది. గొళ్ళెం దూరే రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. వేలికి మెత్తగా ఏదో తగిలింది. అట్టముక్క. చక్కగా నాలుగు మడతలు పెట్టి దూర్చినది. ఎన్నాళ్ళనుంచి ఉందో, అంచులు గాజులా నునుపు తేలాయి. దానిముందు గొళ్ళెం పడదు. తలుపు మూసుకుంటుంది కానీ తాళం పడదు. ఎవరు లాగినా వస్తుంది.

అతని వెనకే మేనేజరు నిలబడి ఉన్నాడు. కాస్త దూరంలో వదిన చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటోంది, అసలు చేతికి తడే లేదు. మరిది తలెత్తి ఆమె మొహం చూశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం ఆ మొహంలో కనిపించింది.

అట్టముక్క బయటపెడితే తన తాళం నిర్దోషి. డిపోలో అందరి ముందూ కాలరెగరేసుకుని ఇంటికి పోవచ్చు. వదినను మాత్రం ఇక బండెక్కనివ్వరు. అతనికి ఆలోచించడానికి పెద్దగా సమయం పట్టలేదు. అట్టముక్కను వేళ్ళ మధ్యనే మడిచి చొక్కా జేబులో వేసుకుని, లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

"తాళానిదే తప్పు సార్," అన్నాడు.

తన నోట ఆ మాట విని అతనే ఉలిక్కిపడ్డాడు. మేనేజరు ఊరుకోలేదు. తప్పు తాళానిదైతే అన్ని బళ్ళకూ మార్పించాలి కదా, వేరే చోటనుంచి తెప్పిస్తానన్నాడు. బండి మీద ఉన్న మనిషి జాగ్రత్త కూడా చూడాలి కాబట్టి, వ్యవహారం తేలేదాకా వదిన బండి దిగి, లోపల పార్శిళ్ళు వీధులవారీగా వేరుచేసే బల్ల దగ్గర కూర్చోవాలన్నాడు. మరిది బతిమాలాడు. ఒక కొత్త తాళం చేసి ఇదే బండికి బిగిస్తాను, ఒకరోజు మీరే పక్కన కూర్చుని చూడండి, నచ్చితే బండి మా వదినకు తిరిగి ఇవ్వండి అన్నాడు. మేనేజరు కాస్త ఆలోచించి, సరే, కానీ నచ్చకపోతే ఆమె ఆ బల్ల దగ్గరే ఉంటుందన్నాడు.

మరిది వెళ్ళేముందు ఊరికే మిగతా బళ్ళ వెనక కూడా ఒక చూపు వేశాడు. ఒకదాంట్లో సీసా బిరడా. ఒకదాంట్లో పాత చెప్పు ముక్క. ఒకదాంట్లో ఎవరిదో సాక్సు. అతని మూడు మలుపుల తాళాన్ని దొంగలు పగలగొట్టకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది. దాన్ని ఎవరూ ఎన్నడూ వేయలేదు.

ఇంటికొచ్చి అట్టముక్క తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. వదిన దాన్ని చూసి, నీళ్ళ గ్లాసు చూసి, కిటికీ చూసి, ఆఖరికి మరిదిని చూసింది.

"ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో సంతకం మిషను. నీ తాళం తీయాలంటే పెట్టె రోడ్డు మీద పెట్టాలి. వానొస్తే బురదలో పెట్టాలి. చెవి తీయాలి, పిడి ఎత్తాలి, వెనక్కి తిప్పాలి. ఇంటికొకసారి. రోజంతా. నాకేమన్నా నాలుగు చేతులున్నాయా అబ్బాయ్?"

"చెప్పాల్సింది కదా వదినా."

"ఎట్లా చెప్పేది? రోజూ అన్నం దగ్గర కూర్చుని, కొత్త పెళ్ళికొడుకులాగా ఆ తాళం గురించి మురిసిపోతుంటివి. నోట్లో ముద్ద పెట్టుకున్నవాణ్ణి ఏడిపించమంటావా?"

అన్న లేచి ఆ అట్టముక్కను వంటింట్లో కుంటుతున్న స్టూలు కాలి కింద పెట్టాడు. స్టూలు కుంటడం మానింది. ఆ అట్టముక్క వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ స్టూలుకే.

వదిన బల్ల దగ్గర కూర్చున్న రోజులు ఇల్లంతటికీ జ్వరమొచ్చిన రోజులు. డిపో లోపల కిటికీలు తల కంటే పైనుంటాయి, ఆకాశం తప్ప వీధి కనపడదు. వేరు చేస్తున్న ప్రతి పెట్టె మీదా తనకు తెలిసిన ఇల్లే ఉండేది. ఈ అవ్వకు గంట వినపడదు, గట్టిగా పిలవండని బండి వేసుకుపోయే కొత్త డ్రైవరుకు చెప్పేది. అతను తలూపి మరిచిపోయేవాడు, సాయంత్రానికి ఆ పెట్టె తిరిగి బల్ల మీదికే వచ్చేది. బల్ల కింద ఆమె ఎడమకాలు క్లచ్చు తొక్కుతూనే ఉండేదని పక్కన కూర్చునే ఆమె చెప్పింది. ఇంటికొచ్చాక చెప్పడానికి కబుర్లు లేవు. అన్న గడియారాలు ఎప్పుడూ లేనంత గట్టిగా వినపడేవి. ఒకరోజు వదిన, ఆ గడియారాలన్నీ ఆపేయండి, నా చెవిలో బల్ల చప్పుడులాగా ఉన్నాయని విసుక్కుంది. అన్న ఒక్కొక్కటే ఆపాడు. ఆ ఇంట్లో టైమెంతో తెలియడానికి పక్కింటి రేడియో వినాల్సి వచ్చింది.

మరిది రెండు చేతులూ ఖాళీ లేని మనిషి తీసే తాళం చేయాలి. అది దొంగ చేతికి మాత్రం రాకూడదు. ఆకురాయి పట్టిన నాటినుంచి తలుపు తెరుచుకోకుండా చేయడమే చదువుకున్నవాడికి, తలుపు తెరుచుకునేలా చేయడం అక్షరాభ్యాసంలాగే ఉంది.

మొదట కాలితో తొక్కే తాళం చేశాడు. బండి కింద ఒక మీట, తొక్కితే తలుపు తెరుచుకుంటుంది. షెడ్డు ముందు పెట్టి గర్వంగా చూస్తుండగానే వీధి కుక్క వచ్చి, మీట మీద ముందు కాళ్ళు పెట్టి, తలుపు తెరిచి, లోపలెక్కి పడుకుంది. దింపబోతే గుర్రుమంది. ఆ పూటకు బండి దానిదే.

తర్వాత మోచేత్తో నొక్కే తాళం. పెద్ద రబ్బరు బటను పెట్టాడు. పరీక్షకు తన గది తలుపుకే బిగించుకున్నాడు. మోచేయి తగిలితే చాలు, తలుపు తెరుచుకునేది. తగలకపోయినా తెరుచుకునేది. తుమ్మినా తెరుచుకునేది. అన్న బట్టల బుట్ట రెండు చేతులా పట్టుకుని అటుగా పోతూ గోడకు కాస్త ఆనుకున్నాడు. తలుపు తెరుచుకుంది, అన్న బుట్టతో సహా తమ్ముడి మంచం మీద పడ్డాడు. లేచి బట్టలన్నీ ఏరుకుని, గుమ్మం దగ్గర ఆగి, "మీ వదిన బండిలో కూడా ఇలాగే ఎవరో ఒకరు పడరు కదా?" అని అడిగాడు. ఆ నెలలో అన్న మాట్లాడిన పొడవైన వాక్యం అదే.

కానీ ఆ మాట మరిది బుర్రలో తిష్ట వేసింది. ఎవరు ఆనుకున్నా తెరుచుకునే తలుపు దేనికి? ఆనుకున్నది వదినే అని తలుపుకు తెలియాలి. అప్పుడు తట్టింది. చెవి చేతిలో ఎందుకు ఉండాలి, ఒంటిమీదే ఉండొచ్చుగా. వదిన చీర మీద పెట్టుకునే యూనిఫాం బెల్టుకు పక్కగా, తుంటి దగ్గర, ఒక ఇత్తడి బిళ్ళ కుట్టించాడు. బిళ్ళ మీద లోతు తక్కువా ఎక్కువా గల గాడులు కోశాడు. తలుపు మీద దానికి సరిపోయే గిన్నె పెట్టాడు. బిళ్ళ గిన్నెలో కూర్చునేలా ఆనుకుని, ఒక్కసారి పక్కకు ఊగితే గిన్నె జరుగుతుంది, గొళ్ళెం వదులుతుంది, తలుపు బెత్తెడు తెరుచుకుంటుంది. వేరే బిళ్ళతో ఆనుకుంటే గిన్నె కదలనే కదలదు. మూసేటప్పుడు చెవితో పనే లేదు. ఒక్క తోపు తోస్తే తనే పడుతుంది.

అది బండికి బిగించి, మధ్యాహ్నం విరామంలో వదినను డిపో వెనకకు పిలిచాడు. ఆమె బెల్టు పెట్టుకుని కిందికి చూసుకుంది.

"నన్ను బిళ్ళబంట్రోతును చేశావు," అంది. అయినా చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కాస్త ఉప్పూ కారం వినపడ్డాయి.

ఒక పెట్టె ఎత్తుకుని తలుపుకు ఆనుకుంది. గిన్నె తొడ దగ్గరికొచ్చింది. బిళ్ళ అందడానికి ఆమె మోకాళ్ళు వంచి, పెట్టె చంకనెట్టుకుని, గోడకుర్చీ వేయించిన బడిపిల్లలాగా అవస్థపడింది. ఆమె పొడగరి. అతను పొట్టివాడు. గిన్నెను తన తుంటి ఎత్తుకు బిగించాడు. మూడు మలుపుల తాళానికీ ఇదే జబ్బు. అది కూడా తన బల్ల దగ్గర తను నిలబడి, తన రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని చేసిందే. అతను చేసిన ప్రతి తాళమూ అతనికే సరిపోయేది, అతనికేమో బండే లేదు.

"కొలత తీసుకోవాల్సింది కదా," అంది వదిన పెట్టె దించుతూ.

మరిది నేల చూపులు చూశాడు. తల్లిలాంటి మనిషి ముందు టేపు పట్టుకుని నిలబడి, వదినా, కాస్త తుంటి కొలత ఇస్తావా అని అడగడానికి అతనికి నోరు రాలేదు. అన్ననడిగితే అన్న చెప్పడు. ఆమె పాత లంగా ఒకటి తీసి కొలిస్తే చెవి ఉండదు.

చేసేదిలేక ఆ సాయంత్రం, వేరే గిన్నె కోసం పాతది విప్పడానికని, బండి కడగడం మొదలుపెట్టాడు. తలుపు మీద ఎండిన మట్టి గీకుతుంటే ఒకచోట గుడ్డ జారింది. అక్కడ మట్టి నిలవడం లేదు. తెల్లరంగు అరిగి, కింది బూడిదరంగు కనపడుతూ, అరచేయంత మేర అద్దంలా మెరుస్తోంది. తన గిన్నె కంటే బాగా పైన. ఏం తగిలి ఇంతలా అరిగిందో అతనికి వెంటనే తోచలేదు. అతను బండి వెనక ఒక పెట్టె ఎత్తుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి నిలబడి, వెనక్కి తిరిగి, తలుపును తుంటితో తోస్తున్నట్టు ఊగాడు. దూరంనుంచి చూసిన కాపలాదారుకు, తాళాలాయన డాన్సు నేర్చుకుంటున్నాడని అనుమానమొచ్చింది.

వదిన రోజంతా పెట్టె పట్టుకుని తలుపు మూసేది తుంటితోనే. ఏళ్ళ తరబడి, ఇంటికొకసారి, అదే చోట. ఆమె కొలత ఆమెనడగక్కర్లేదు, బండే చెక్కిపెట్టుకుంది.

అతను గుడ్డ చేతిలోనే ఉంచుకుని పక్క బండి దగ్గరికెళ్ళాడు. అక్కడా ఒక మెరుపు మచ్చ, ఇంకాస్త కింద. దాని పక్కదానికి బాగా ఎత్తున. ఒకదానికి కుడివైపు రెక్క మీద కాక ఎడమ రెక్క మీద. ఒకదానికి అసలు లేదు, కింద మాత్రం బూటు గుర్తులున్నాయి. అది తలుపును తన్ని మూసే డ్రైవరు బండి. మనుషులు రోజూ ఇక్కడ తమ కొలతలు తామే అచ్చువేసి పోతుంటే, తను ఇన్నాళ్ళూ భూతద్దం పెట్టుకుని గొళ్ళేల్లోకే చూశాడు.

గిన్నె వదిన మచ్చ ఎత్తుకు మారింది. పరీక్షరోజు ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. వదిన నడుపుతోంది, మధ్యలో మరిది, కిటికీ దగ్గర మేనేజరు. షరతు చిన్నదే. ఆగిన ప్రతిచోటా మేనేజరు దిగి తలుపు లాగి చూస్తాడు, తెరుచుకోకూడదు. పెట్టెలన్నీ పంచడం డిపో మూసేలోగా పూర్తవాలి.

బండి గేటు దాటగానే వదిన గొంతు తెరుచుకుంది. ఈ మలుపులో గుంట పూడ్చారు, సంతోషం. ఆ అరుగు మీది ముసలాయన బతికే ఉన్నాడు, ఇంకా సంతోషం. ఆగడం, దిగడం, వెనక్కెళ్ళడం, ఒక ఊపు, పెట్టె తీసుకోవడం, ఒక తోపు, మెట్లెక్కడం. అవ్వ మేడ కింద నిలబడి ఆమె వేసిన కేకకు మూడు ఇళ్ళ కిటికీలు తెరుచుకున్నాయి. నాలుగోది అవ్వది. ఈ మధ్య వస్తున్న అబ్బాయి గొంతు దోమలా ఉందమ్మా, ఎక్కడికి పోయావని అవ్వ పైనుంచే నిలదీసింది. వదిన ఏం చెప్పిందో మరిదికి వినపడలేదు కానీ, దిగి వచ్చి స్టీరింగు పట్టుకున్నాక చాలాసేపు ముక్కు ఎగబీల్చింది. జలుబంది.

మరిది మాత్రం లోలోపల చిన్నబుచ్చుకున్నాడు. పొద్దునుంచీ ఆ తాళాన్ని అన్నిసార్లు వాడింది, బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. గుంటల గురించి మాట్లాడుతుంది, కుక్కల గురించి మాట్లాడుతుంది. ఒకచోట ఉండబట్టలేక, వదినా, తుంటికేమన్నా ఒత్తుకుంటోందా అని అడిగాడు. "ఏం ఒత్తుకోవడం?" అంది ఆమె, అర్థంకానట్టు చూసి. రెండు వీధులు దాటాక అతనికి వెలిగింది. ఆమె తాళం సంగతే మరిచిపోయింది. కిటికీ వైపు మొహం తిప్పుకుని నవ్వుకుందామనుకున్నాడు కానీ అక్కడ మేనేజరు మొహం అడ్డమొచ్చింది.

వాన మధ్యాహ్నం దాటాక మొదలైంది. మేనేజరు షరతు ప్రకారం దిగి తలుపు లాగాడు. అది రాలేదు. తడుస్తున్నాడు, గొడుగేమో వెనక పెట్టెల మధ్య ఉండిపోయింది. అధికారంతో లాగాడు. బతిమాలుతున్నట్టు లాగాడు. తుంటితో కూడా ఆనుకుని చూశాడు. బిళ్ళ లేని తుంటికి తలుపు మర్యాద ఇవ్వలేదు. మరిది కిటికీలోంచి తల బయటపెట్టి, నేనేం చేయలేను సార్, నాకూ బిళ్ళ లేదన్నాడు. వదిన ఆ మేడమీద ఎవరికో పెట్టె ఇచ్చి దిగి వచ్చేసరికి మేనేజరు జీవితంలో మొదటిసారి నిటారుగా లేడు, నీళ్ళు కారుతూ వంగిపోయి ఉన్నాడు. ఆమె ఒక్క ఊపుతో తలుపు తెరిచి గొడుగు తీసి ఇచ్చింది. ఇక అవసరమేముందన్నట్టు దాన్ని ఆయన మూసే పట్టుకున్నాడు.

డిపోకు తిరిగొచ్చేసరికి మూయడానికి ఇంకా సమయముంది. తుమ్ముల మధ్య మేనేజరు తాళం బాగుందని ఒప్పుకున్నాడు. అన్ని బళ్ళకూ బిగిద్దామన్నాడు. అయితే ఆ గిన్నెలు మాత్రం అన్నిటికీ ఒకే ఎత్తులో, ఒకే గీత మీద ఉండాలన్నాడు. బళ్ళు వరుసగా నిలబెడితే ఒకటి పైన, ఒకటి కింద, చూడ్డానికి పళ్ళూడిన నోరులా ఉంటుందన్నాడు. ఒకే ఎత్తంటే వదినకు మళ్ళీ గోడకుర్చీ. మరిది అది చెప్పబోయాడు.

వదిన అంతలోనే ఒక పెద్ద పెట్టె తెచ్చి మేనేజరు రెండు చేతుల్లోనూ పెట్టింది.

"సార్, కాస్త ఆ బండి తలుపు మూయండి," అంది.

పక్కనే తెరిచి ఉన్న ఇంకో బండి. ఆయన పెట్టె కిందపెట్టాలా అని చూశాడు, నేలంతా నీళ్ళు. చేతులు ఖాళీ లేవు. ఏమీ ఆలోచించకుండానే వెనక్కి తిరిగి తుంటితో ఒక్క తోపు తోశాడు. తలుపు ధన్‌మని మూసుకుంది. వదిన దగ్గరికెళ్ళి చూపించింది. తడి ప్యాంటు తగిలినచోట మట్టి చెరిగి మచ్చ పడింది. ఆ బండి డ్రైవరు మచ్చకు జానెడు పైన. మేనేజరు రెండు మచ్చలనూ చాలాసేపు చూశాడు. తర్వాత పెట్టె పట్టుకునే, వరుసలో ఉన్న బళ్ళన్నిటి వెనకా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. తిరిగొచ్చేసరికి ఆయన మొహంలో ఏదో వంకర వచ్చింది. అలవాటు లేని మొహం కాబట్టి అది నవ్వని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఎవరి ఎత్తుకు వాళ్ళకే పెట్టండి," అన్నాడు మరిదితో. వదినవైపు తిరిగి బండి చెవి చేతిలో పెట్టాడు. "రేపటినుంచి మీ దారి మీది."

"రేపటిదాకా ఎందుకు సార్. ఆ కొత్త డ్రైవరు తిప్పి పంపినవి బల్ల మీద ఇంకా ఉన్నాయి. ఒక్క చుట్టు వేసొస్తా."

పెట్టెలు తనే ఎక్కించింది. ఒక తోపు. మరిది ఆనందంగా ముందు సీటెక్కి కూర్చున్నాడు. ఆమె అటువైపు తలుపు తీసి అతన్ని చూసింది.

"నువ్వు దిగు."

"నేనూ వస్తా వదినా."

"దిగవయ్యా. పొద్దునుంచీ మధ్యలో కూర్చుని నా గేరు కర్రకు అడ్డం. ఇంటికి పోయి మీ అన్నను గడియారాలు నడిపించమను."

బండి నీళ్ళు చిమ్ముకుంటూ గేటు దాటింది. మేనేజరు తుమ్ముతూ లోపలికి పోయాడు. మరిది నడిచి ఇంటికి వచ్చాడు. తడిసిన బూట్లు కిచకిచలాడుతుండగా మెట్లెక్కేసరికి అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తమ్ముడి వెనక ఇంకో మనిషి కోసం వీధి చివరిదాకా చూస్తూ. ఆఖరికి నోరు తెరిచి, మీ వదిన ఏదిరా అన్నాడు.

"తిరుగుతోంది," అన్నాడు తమ్ముడు.

అన్న లోపలికెళ్ళాడు. బూట్లు విప్పుకుంటున్న తమ్ముడికి మొదట గోడగడియారం ఒకటి కదిలిన చప్పుడు వినపడింది, తర్వాత ఇంకొకటి. టైము సరిచేయడానికి అన్న పక్కింటి రేడియో కోసం కిటికీ దగ్గర చెవి పెట్టి నిలబడ్డాడు.